సియెరా కొండలలో క్షేమవార్త

దూరమందున్నవారి క్షేమము నెఱుగుటకై మనుష్యులు పడిన పాట్లకు మన కావ్యపురాణములే సాక్ష్యము. దమయంతికడకు నలుడు హంసను బంపెను. కాళిదాసుని యక్షుడు ఆషాఢమేఘమును బతిమాలుకొనెను. శ్రీరామచంద్రుడు హనుమంతుని చేతికి ఉంగరమిచ్చి పంపెను. ఈ మూడింటిలో కడపటి కథయే మాకు మిక్కిలి బుద్ధి గఱపునదిగా తోచును. ఏలయన, దూత సముద్రమును దాటినంతమాత్రమున పని నెఱవేఱలేదు. అవతలనున్న యా తల్లి వానిని నమ్మవలసియుండెను. నమ్ముటకు గుఱుతు కావలసెను. ఆ గుఱుతు పయనమునకు ముందే సిద్ధమై యుండెను. వార్త మోయు సాధనము లెన్ని మాఱినను ఈ ధర్మము మాఱలేదని, ఈ మధ్య అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రపు సియెరా నెవాడా కొండలలో మూడు దినములు సంచరించినప్పుడు మాకు తేటపడినది. ఆ కొండలను గూర్చియు, అచ్చటికి పోవుటకై మేము వాడ నేర్చుకొన్న ఉపగ్రహ సందేశయంత్రమును గూర్చియు సోదరీమణులకు తెలుపుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

కొండలు, గుడారములు, యంత్రములు గృహిణుల కేల యని కొంద ఱడుగవచ్చును. నేడు మన తెలుగువారి బిడ్డలు వేలకొలదిగా ఆ దేశమున చదువులకును ఉద్యోగములకును పోయియున్నారు. సెలవుదినము వచ్చినచో వీపున మూట కట్టుకొని కొండలకు నడచిపోవుట అచ్చట వాడుక. రోడ్డు విడిచి రెండు మైళ్లు పోవుసరికి చేతిలోని ఫోను మూగవోవును. పోయినవారు చెట్లను, చెఱువులను జూచి యానందించుచుందురు. ఇచ్చట నింటనున్న తల్లి ఫోనును జూచి దిగులుపడుచుండును. ఆ నిశ్శబ్దమును మోయునది ఆమెయే. కావున యంత్రమును గొనిపోవువారెంత నేర్చుకొనవలెనో, వార్త కొఱకు వేచియుండువారును అంత నేర్చుకొనవలెను.

మా తమ్ముడు శాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు తూర్పుతీరమున ఫ్రీమాంటు నగరమున కాపురమున్నాడు. ఆ యూర తెలుగు కుటుంబములు పెక్కు కలవు. వానిని చూడ మేము పోయినప్పుడు, బడి జరుగుచున్న దినము లగుటచే మా వారు పిల్లలతోడను, మా అత్తగారితోడను ఇంటనే యుండిరి. "అక్కా, యోసెమిటీ కొండలలో మూడు దినములు నడచివత్తము. అచ్చట ఫోను పనిచేయదు, ఉపగ్రహయంత్ర మొకటి అద్దెకు తెచ్చెదను" అని తమ్ముడు చెప్పెను. కొండలను జూడవలెనను కుతూహలము మాకును గలదు. కాని పిల్లలను విడిచివచ్చినవారమై, మూడు దినములు మాటయు మంతియు లేకుండుట యెట్లు? ఆ యంత్రముయొక్క గుట్టు తెలిసిన పిమ్మటనే బయలుదేఱుదమని మేము పట్టుబట్టితిమి.

తమ్ముడు తెచ్చిన యంత్రము గార్మిన్ సంస్థవారి ఇన్‌రీచ్ మినీ యనునది. పిడికిట ఇమిడిపోవును. బరువు నూఱు గ్రాములు. దీనికి ఫోనువలె ఊరూర స్తంభములతో పనిలేదు. ఇది నేరుగా ఆకాశముతోనే మాటాడును. భూమికి సుమారు 780 కిలోమీటర్ల యెత్తున ఇరిడియమ్ అను సంస్థవారి ఉపగ్రహములు 66 తిరుగుచున్నవి. ఒక్కొక్కటి నూఱు నిమిషములలో భూప్రదక్షిణము చేయును. మన యిండ్ల పైకప్పులమీది గిన్నెలకు టెలివిజను బొమ్మల నందించు ఉపగ్రహములు 36 వేల కిలోమీటర్ల యెత్తున కదలక నిలిచినట్లు కనబడును. ఇవి యట్లుగాక, ఒకటి దిగిపోవుచుండగా మఱియొకటి యెక్కివచ్చుచుండును. అరచేతి యంత్రముయొక్క బలహీనమైన పలుకు వినబడుటకు అంత దగ్గఱగా తిరుగు ఉపగ్రహమే కావలెను. ఆ ఉపగ్రహము మన మాట నందుకొని, ప్రక్కనున్న ఉపగ్రహమున కందించి, అట్లు చేతులు మార్చి నేలమీది కేంద్రమునకు దింపును. అచ్చటనుండి సామాన్యమైన తంతిమార్గమున మనవారి ఫోనునకు చేరును. మొదట 77 ఉపగ్రహములను పంపదలచి, పరమాణుసంఖ్య 77 గల ఇరిడియమ్ లోహముపేరు సంస్థకు పెట్టిరట. పిమ్మట 66 చాలునని తేలినను పేరు మాత్రము నిలిచిపోయినది. పెండ్లికి తలచిన ముహూర్తము మాఱినను శుభలేఖలు మాఱనట్లున్నదని మా మరదలు నవ్వినది.

పయనమునకు ముందు రెండు దినములు తమ్ముని పెరటిలోనే మాకు పాఠములు జరిగినవి. మొదటి పాఠము ఆకాశమును గూర్చినది. గడ్డినేలమీద నిలిచి పంపిన వార్త మూడు నిమిషములలో పోయినది. అదే వార్తను ఓకుచెట్టు క్రింద, ఇంటి చూరు ప్రక్కన నిలిచి పంపగా పావుగంట పట్టినది. ఆకులు, గోడలు, కొండచఱియలు ఆకాశమును ఎంత మూయునో వార్త అంత యాలస్యమగును. ఫోనునకు అలవాటుపడిన ప్రాణమునకు ఈ యాలస్యమును సహించుటయే పెద్ద చదువు. యంత్రము నొకచోట నిలువుగా పెట్టి, దాని కొమ్మను ఆకాశమువైపునకు త్రిప్పి, మనము వేఱుపని చూచుకొనవలెను. మాటిమాటికి చేతితో పట్టుకొని కదల్చుచుండిన లాభము లేదు.

రెండవ పాఠము మాటల పొదుపు. ఒక వార్తకు 160 అక్షరములు మితము. ఇవిగాక ముందుగానే వ్రాసి దాచుకొను వార్తలు మూడు కలవు. వానిని ఇంటనే వ్రాసి పెట్టుకొనవలెను. కొండమీద మార్చుటకు వీలులేదు. ఒక్క మీట నొక్కినంతనే యవి మనమున్న తావుయొక్క పటముతోడ పోవును. మేము రోమను లిపిలో తెలుగుమాటలే వ్రాసితిమి. మొదటిది: "అందఱము క్షేమము. ఈ రాత్రి యిచ్చటనే." రెండవది: "క్షేమమే. అనుకొన్నదానికంటె ఆలస్యమగును." మూడవది: "రోడ్డు చేరితిమి." మూడింటిలోను సందేహమునకు తావీయని మాటలే యుండవలెనని మా పట్టుదల. "చూతము", "బహుశః" అను మాటలు కొండమీద నున్నవారికి సులభములుగాని, వేయి యోజనముల దూరమున చదువువారికి అవియే నిప్పుకణములు.

మూడవ పాఠము ఆపద మీటను గూర్చినది. దానిని ఎస్.ఓ.ఎస్. అందురు. ప్రమాదవశమున వ్రేలు తగులకుండ దానిపై మూత గలదు. మూత తెఱచి కొంతసేపు అదిమిపట్టిన గాని యది పనిచేయదు. పిమ్మట గూడ రద్దుచేసికొనుటకు కొన్ని క్షణముల వ్యవధి యుండును. అది కదలినచో టెక్సస్ రాష్ట్రమున మాంట్‌గామరీ అను నూర రాత్రింబవళ్లు మేలుకొనియుండు కేంద్రమునకు మొఱ పోవును. వారు మనమున్న తావును జూచి, ఆ ప్రాంతమున రక్షణకు బాధ్యులైన వారిని పిలుతురు. యోసెమిటీలో ఆ బాధ్యత పార్కు రేంజర్లది. అంతటితో నూరకుండక మనలను తిరిగి ప్రశ్నింతురు: ఏమి జరిగినది, ఎంతమంది, ఎవరికి దెబ్బ, ఊపిరి సరిగా నాడుచున్నదా, గుడారమున్నదా, నీరున్నదా యని. ఈ యంత్రమునకు ప్రాణము ఆ ప్రశ్నలలోనే యున్నదని మాకు తోచినది. పిలిచినవానికి బదులు వచ్చినచో సగము భయము తీరును. పరీక్షకని యా మీటను ముట్టరాదు. ఉత్త వార్తలను పంపి చూచుకొనవలెను.

నాల్గవ పాఠమును తమ్ముడు చెప్పలేదు. మా మరదలు చెప్పినది. ఆపద వచ్చినప్పుడు కేంద్రమువారు మనము వ్రాసియిచ్చిన బంధువునకు ఫోను చేయుదురు. "వదినా, తెలియని నంబరైనచో మనవారెవరును ఫో నెత్తరు గదా!" అని యామె యనగా అందఱము ఉలికిపడితిమి. అదియుగాక, వేసవిలో కాలిఫోర్నియా గడియారము మనకంటె పండ్రెండున్నర గంటలు వెనుక. అచ్చట మధ్యాహ్నము పండ్రెండైనచో ఇచ్చట అర్ధరాత్రి దాటి అరగంట. కావున ఆపద వేళ పిలువవలసినవానిగా ఫ్రీమాంటులోనే యున్న తమ్ముని స్నేహితు నొకని పేరు వ్రాసి, ఆ మూడు దినములు ఏ నంబరు వచ్చినను ఎత్తవలెనని అతనితో చెప్పియుంచితిమి. మేము పోవు త్రోవ, దిగు తావులు, మాతో వచ్చువారి పేర్లు, మందుల వివరములు అతని కొక కాగితమున వ్రాసి యిచ్చితిమి.

ఇక నింటివారి సంగతి. యంత్రమును గూర్చి ఫోనులో చెప్పగా మా వారు ఉపగ్రహముల లెక్కలన్నియు అడిగి తెలిసికొనిరి. అత్తగారు మాత్రము ఒక్క ప్రశ్న యడిగిరి: "అమ్మాయీ, కబురు వచ్చునని చెప్పితివి, సరే. రాకున్న నేనేమి యనుకొనవలె?"

యంత్రముతో గూడ వచ్చిన పుస్తకమున ఈ ప్రశ్నకు జవాబు లేదు. అది పయనము చేయువారును, ఇంటనుండువారును కలసి వ్రాసికొనవలసిన జవాబు. ఆ రాత్రి అట్లే వ్రాసికొంటిమి. శుక్ర, శని, ఆదివారముల సాయంకాలము అచ్చటి అయిదు మొదలు ఎనిమిది గంటలలోపున, అనగా మఱునాటి యుదయము ఇచ్చటి అయిదున్నర మొదలు ఎనిమిదిన్నరలోపున, ఒక క్షేమవార్త వచ్చును. ఒకపూట రాకున్నచో అది చెట్లవలననో, మబ్బువేళ నడకవలననో, యంత్రము చేజాఱి పగులుటవలననో యని యెంచి ఆనాటి సాయంత్రమువఱకు దిగులుపడరాదు. ఆదివారము రాత్రి తొమ్మిదింటికి మేము రోడ్డు చేరకయు, వార్త లేకయు నున్నచో ఫ్రీమాంటు స్నేహితుడు రేంజర్లను పిలుచును. అంతవఱకు ఇంటివారు చేయవలసిన పని లేదు. మా వారు దీనినంతయు బడి టైంటేబిలువలె గళ్లు గీచి వ్రాసి వంటింటి క్యాలెండరు ప్రక్కన అంటించిరి.

ఇట్లు సిద్ధపడి గురువారమున బయలుదేఱితిమి. ఫ్రీమాంటునుండి తూర్పుగా పోవు త్రోవ మొదట కాలిఫోర్నియా నడిమి లోయను దాటును. ఇరుప్రక్కల బాదముతోటలు, పండ్లతోటలు. మన గోదావరి డెల్టావలె కాలువనీటితో పండు నేల. కాని పల్లె కనబడదు, తోట వెనుక తోటయే. అటుపిమ్మట ఎండిన గడ్డితో బంగారువన్నె గల గుట్టలు, వానిపై సరళవృక్షముల యడవి. టయోగా రోడ్డున ఆమ్‌స్టెడ్ పాయింటు అనుచోట దిగి చూడగా, ఒకవైపున హాఫ్ డోమ్ శిఖరము సగము కోసిన కొబ్బరిచిప్పవలెను, వేఱొకవైపున టెనాయా సరస్సు అద్దపుముక్కవలెను కనబడినవి. సియెరా నెవాడా యనగా స్పానిషు భాషలో మంచుకొండల వరుస యని యర్థము. ఆ వరుస పొడవు సుమారు 400 మైళ్లు. అందలి యోసెమిటీ జాతీయవనము 1890లో నేర్పడినది. 1984 నాటి శాసనమువలన ఆ వనమున నూటికి 94 వంతులకు పైగా రోడ్లు, కట్టడములు లేని శుద్ధారణ్యముగా కాపాడబడుచున్నది. ఫోను స్తంభములు లేకుండుట అచ్చట లోపము కాదు. కావలెనని నిలుపుకొన్న స్థితి.

ట్యువాలమీ మైదానములు 8,600 అడుగుల యెత్తున నున్నవి. మన తిరుమలలో స్వామివారి కోవెల యున్న తావు మూడువేల అడుగులలోపుననే యని తలచుకొన్నచో ఆ యెత్తు తెలియును. గాలి పలుచనగుటచే ఆ రాత్రి అచ్చటనే విడిసి శరీరమును అలవాటుచేసికొంటిమి. రాత్రి అడవిలో గడపుటకు అనుమతిపత్రము కావలెను. ఒక్కొక్క త్రోవకు దినమునకు ఇంతమందియే యని లెక్క. ఎలుగుబంట్లు తిండివాసనకు వచ్చును గనుక, అవి తెఱవలేని గట్టిడబ్బాలో భోజనపదార్థముల నుంచి గుడారమునకు దూరముగా పెట్టవలెను. మా పులిహోరపొడియు, వేపుడు అటుకులును, తుదకు పండ్లపొడియు ఆ డబ్బాలోనికే పోయినవి.

శుక్రవారము కథీడ్రల్ సరస్సులకు నడచితిమి. మూడున్నర మైళ్ల దూరము, వేయి అడుగుల యెక్కుడు. లాడ్జిపోల్ పైన్ చెట్లనీడన త్రోవ సాగును. పూర్వము హిమానీనదములు ఒరసిపోవుటచే గ్రానైటుబండలు చలువరాతి గచ్చువలె నునుపెక్కి యెండలో మెఱయుచుండును. దిగువ సరస్సు 9,288 అడుగుల యెత్తున నున్నది. దానిపై కథీడ్రల్ శిఖరము 10,911 అడుగులకు గోపురమువలె లేచియున్నది. జాన్ మ్యూర్ అను ప్రకృతిప్రియుడు 1869లో దానిని మొదట నెక్కెను. అతని పేర వెలసిన 211 మైళ్ల త్రోవ యీ చెంతనే పోవును. నీటిలో శిఖరపు నీడ తలక్రిందుగా నిలిచి, చేప కదలినప్పుడు మాత్రము చెదరుచుండెను. దోమలు మాత్రము మన కొల్లేటి దోమలకు తీసిపోవు.

సాయంకాలము ఏడింటికి సరస్సుతీరపు బండమీద యంత్రమును నిలిపి మొదటి వార్త నంపితిమి. పోయినట్లు గుఱుతు వచ్చినది. గుడారపు త్రాళ్లు బిగించుకొని వచ్చుసరికి బదులు వచ్చియున్నది: "పిల్లలు చద్దన్నము తిని బడికి పోవుచున్నారు. అమ్మ తులసికి నీళ్లు పోయుచున్నది. జాగ్రత్త." అచ్చట సూర్యుడు క్రుంకుచుండగా ఇచ్చట ఉదయము ఏడున్నర. ఆ చల్లని బండమీద కూర్చుండి, పడమటి వెలుగులో మా పెరటి తులసికోటను కన్నులార చూచినట్లయినది.

శనివారము కథీడ్రల్ కనుమ దాటి, సన్‌రైజు అనుచోటి పచ్చికబయళ్లవైపు పోయితిమి. మధ్యాహ్నము మూడింటికి మబ్బు క్రమ్మినది. సియెరా కొండలలో వేసవి మధ్యాహ్నములందు ఉఱుములు, మెఱుపులు, వడగండ్లు సామాన్యము. అట్టివేళ శిఖరములమీదను, బట్టబయటను, నీటియొద్దను, ఒంటిచెట్టుక్రిందను నిలువరాదు. పల్లమున ఒకే యెత్తుగల చెట్లగుంపులోనికి దిగి, ఒకరికొకరు దూరముగా మూటలపై కూర్చుండవలెను. అట్లే కూర్చుంటిమి. వాన వెలిసి గుడారము నిలుపుసరికి పొద్దు క్రుంకినది. చెట్ల గుబురులో యంత్రము ఎంతసేపు వెదకినను ఉపగ్రహము దొరకలేదు. చీకటిలో దీపము పట్టుకొని బయలునకు నడచి వార్త నంపుసరికి రాత్రి తొమ్మిది. ఇచ్చటి ఆదివారము ఉదయము తొమ్మిదిన్నర. అనుకొన్న గడువు దాటి గంట.

ఆ గంట యెట్లు గడచినదని తరువాత అత్తగారి నడిగితిమి. "ఎనిమిదిన్నర అయినది. కాగితము చూచితిని. సాయంత్రమువఱకు గడువున్నదని వ్రాసియున్నది. పప్పు పొయ్యిమీద నుండెను, వంటింటిలోనికి పోతిని" అని రామె. ఉపగ్రహములు 66 ఆ గంటయందు ఆమెకు చేయలేని మేలును గోడమీది యొక్క కాగితము చేసినది.

ఆదివారము దిగివచ్చుచుండగా, బండపైనున్న సన్నని గ్రానైటు ఇసుకమీద మరదలు కాలు జాఱి చీలమండ మెలితిరిగినది. వాచినది, రోడ్డు ఇంకను నాలుగు మైళ్లు. అప్పుడు పగలు పండ్రెండు. ఆపదమీట నొక్కుదమా యను ప్రశ్న వచ్చినది. నీడన కూర్చుండి మూడు సంగతులు విచారించితిమి. ప్రాణమునకుగాని అవయవమునకుగాని ముప్పున్నదా? మా బలముతో బయటపడగలమా? పగలు, నీరు, తిండి మిగిలియున్నవా? ఎముక విఱిగిన గుఱుతులు లేవు. రెండు కఱ్ఱల యూతతో నామె యడుగు వేయగలిగినది. చీకటిపడుటకు ఎనిమిది గంటల వ్యవధి యున్నది. కావున మీట ముట్టక, ఫ్రీమాంటు స్నేహితునకు మాత్రము వార్త నంపితిమి: "చీలమండ మెలితిరిగినది. నడచుచున్నాము. ఏడింటికి రోడ్డు చేరుదుము." కొంతసేపటికి బదులు: "తెలిసినది. తొమ్మిదివఱకు చూచి రేంజర్లకు చెప్పుదును." ఇంటివారికి ఆ వార్త పంపలేదు. ఇచ్చట అప్పుడు అర్ధరాత్రి. వారు చేయగలిగిన సాయము లేదు. మూటలు పంచుకొని మెల్లగా దిగి ఆఱున్నరకు రోడ్డు చేరి, మూడవ వార్తయు, వెనువెంట కాలిసంగతియు ఇంటికి వ్రాసితిమి.

ఇంతమాత్రమున మీట నొక్కుటకు వెనుదీయవలెనని మా యర్థము కాదు. ఊపిరి యాడనప్పుడు, గుండెనొప్పి వచ్చినప్పుడు, తెలివి తప్పినప్పుడు, నెత్తురు నిలువనప్పుడు, అడుగు వేయలేనప్పుడు, చలిలో దారితప్పి ఆశ్రయము లేనప్పుడు క్షణమైనను తడయరాదు. నొక్కిన పిమ్మట ఆ తావు విడువరాదు; యంత్రము నార్పరాదు; అడిగినవానికి క్లుప్తముగా బదులీయవలెను. మొఱ నిమిషములలో పోవునుగాని మనుష్యులు వచ్చుటకు గంటలు పట్టవచ్చును. గాలివానలో హెలికాప్టరు రాదు. కావున వెచ్చనిబట్టలు, దీపము, తిండి, కట్టుగుడ్డలు లేక ఉత్త యంత్రమునే నమ్ముకొని పోవుట, ఉంగరము మఱచి లంకకు దూకినట్లే.

ఇట్టి యంత్రములకు మూలమైన చరిత్ర దుఃఖముతో మొదలైనది. 1972 అక్టోబరు 16న అలాస్కా కొండలపై పోవుచున్న చిన్నవిమాన మొకటి మాయమైనది. అందు హేల్ బాగ్స్, నిక్ బెగిచ్ అను అమెరికా శాసనసభ్యు లుండిరి. ఎంత వెదకినను ఆనవాలు చిక్కలేదు. అటుపిమ్మట ఆ దేశమున విమానములలో ఆపదసంజ్ఞ నిచ్చు యంత్రము లుండవలెనని శాసించిరి. 1979లో అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్సు కలసి కోస్పాస్-సార్‌సాట్ అను ఉపగ్రహ రక్షణవ్యవస్థకు ఒడంబడిక చేసికొనెను. ఒకరినొకరు శత్రువులుగా నెంచుకొన్న దినములలోనే, దారితప్పినవాని ప్రాణము విషయమున వారు చేతులు కలిపిరి. 1982 సెప్టెంబరులో కెనడాలోని బ్రిటిషు కొలంబియా కొండలలో కూలిన విమానములోని మువ్వురిని ఆ వ్యవస్థ మొదట రక్షించెను. దానికి చెందిన చిన్న యంత్రములు నేటికిని దొరకును. వానికి నెలసరి చందా లేదు. కాని సామాన్యముగా మొఱ పోవుటయే గాని మాటకు మాట రాదు. మేము వాడినదానికి చందా లేనిదే పని జరుగదు. బదులు మాత్రము వచ్చును. 2022 నవంబరు మొదలు కొన్ని ఫోనులును ఆపదలో ఉపగ్రహమును పిలువ నేర్చినవి. అయినను బొమ్మలకు, పటములకు ఖర్చగు ఫోను బ్యాటరీని మాత్రమే నమ్ముకొని యడవికి పోవుట యుక్తము కాదు.

మన దేశమును ఈ విద్యలో వెనుకబడి లేదు. కోస్పాస్-సార్‌సాట్ కేంద్రము బెంగుళూరున ఇస్రో సంస్థయందున్నది. సముద్రముపై వేటకు పోవు మత్స్యకారుల కొఱకు ఇస్రో నిర్మించిన ఆపదసూచక యంత్రములు 2010 నుండి వాడుకలో నున్నవి. పడవనుండి వచ్చిన మొఱను ఆ కేంద్ర మందుకొని కోస్తు గార్డు రక్షణకేంద్రములకు తెలుపును. 2024లో వెలువడిన రెండవతరము యంత్రమునకు తిరుగువార్త నందుకొను శక్తి గలదు. మొఱ విన్నామను మాట నడిసముద్రమున పడవలోనివానికి తెలియును. ఒడ్డున కూర్చున్న యా యింటి యిల్లాలికిని, మా అత్తగారికిని ప్రశ్న యొక్కటే గదా.

ఇచ్చట ఒక ముఖ్యమైన హెచ్చరిక. మేము చెప్పిన ఇన్‌రీచ్ వంటి ఉపగ్రహయంత్రములను, ఉపగ్రహఫోనులను భారతదేశమున ప్రభుత్వానుమతి లేక ఉంచుకొనుట నేరము. విమానాశ్రయములలో వీనితో పట్టుబడి చిక్కులలో పడిన విదేశీయులు కలరు. సెలవులకు వచ్చు మన బిడ్డలు వీనిని పెట్టెలో వేసికొని రాకుండ ముందే చెప్పవలెను. మా తమ్మునికి కూడ అట్లే చెప్పివచ్చితిమి. మన నల్లమలలోను, తూర్పుకనుమలలోను నడువబోవువారు అటవీశాఖ యనుమతి తీసికొని, త్రోవ యెఱిగినవారితో గుంపుగా పోయి, తిరిగివచ్చు వేళను ఇంట వ్రాసిపెట్టిపోవుటయే నమ్మదగిన సాధనము. ఫోను పలుకుచోట 112 నంబరు ఆపదకు పలుకును.

కావున, సోదరీమణులారా, బిడ్డలు కొండలకు పోవుచున్నామని చెప్పినప్పుడు వలదని కన్నీరు పెట్టుకొనుటకంటె నాలుగు ప్రశ్న లడుగుడు. ఏ త్రోవను, ఎవరితో పోవుచున్నారు? ఏ వేళకు వార్త వచ్చును? రాకున్న ఎంతవఱకు ఓర్చియుండవలెను? ఆ గడువు దాటిన పిమ్మట ఎవరు, ఎవరిని పిలుతురు? బదులును కాగితమున వ్రాయించుకొని వంటింటి గోడకు అంటించుకొనుడు. ఆ నాలుగు ప్రశ్నలకు బదులు చెప్పగలిగిన బిడ్డ జాగరూకతతో నడచును. ఆ బదులు చేతనున్న తల్లి రాత్రి నిద్రపోగలుగును.